అంకాలమ్మకు అరువు కళ్లు

ఐదో సెమిస్టర్‌లో వెబ్ టెక్నాలజీస్ మొదలైనప్పటి నుంచి భరణికి ఒకటే సమస్య. అతను గీసిన పెట్టె పేజీ మధ్యకు వచ్చేది కాదు. ఎడమకు ఉండమంటే ఉండేది, కుడికి పొమ్మంటే పోయేది. మధ్యకు రమ్మంటే మాత్రం పైకి వెళ్లి కూర్చునేది.

నంద్యాలలో వాళ్ల నాన్నకు స్టీలు సామాన్ల అంగడి ఉంది. గిన్నెల మీద పేర్లు కొట్టే మిషను భరణి చేతిలో చక్కగా మాట వినేది. ఎవరి పేరైనా సరే, గిన్నె అంచున సరిగ్గా మధ్యలో కొట్టగలడు. ఆ నేర్పు కంప్యూటరు ముందు పనికిరాలేదు.

ఒకరోజు ల్యాబ్‌లో పక్క సీటు అమ్మాయి చాలాసేపు అతని స్క్రీను వైపు చూసింది. భరణి జుట్టు సవరించుకున్నాడు. ఆమె చూస్తున్నది అతన్ని కాదు.

"ఆ పెట్టె బయట ఇంకో పెట్టె ఉండాది కదా. దానికి కొలత ఇచ్చినావా?"

"లేదు."

"మరి దేనికి మధ్య?"

భరణి బయటి పెట్టెకు కొలత ఇచ్చాడు. లోపలి పెట్టె వచ్చి మధ్యలో నిలబడింది. అతను థ్యాంక్స్ చెప్పాడు. ఆమె తన స్క్రీను వైపు తిరుగుతూ, "థ్యాంక్స్ యాలప్పా. దాన్ని చూసి చూసి నాకు తల నొస్తాంది" అంది.

ఆమె పేరు నాగజ్యోతి. రోజూ ఆళ్లగడ్డ నుంచి బస్సులో వస్తుంది. వాళ్లది దేవుళ్ల విగ్రహాలు చెక్కే కుటుంబం. ఈ వివరాలు భరణి ఆమెను అడిగి తెలుసుకోలేదు. మిగతా క్లాసునంతా అడిగి తెలుసుకున్నాడు.

వెబ్ టెక్నాలజీస్ చెప్పే ఎలిజబెత్ మేడం, పక్కపక్కన కూర్చున్న వాళ్లను జతలుగా కలిపి, తెలిసిన ఏదో ఒక వృత్తికి వెబ్‌సైటు తయారు చేయమన్నారు. మార్కులు దానికే. భరణి తమ అంగడికి చేద్దామన్నాడు. నాగజ్యోతి వాళ్ల నాయన షెడ్డుకు చేద్దామంది. ఇద్దరూ కాసేపు వాదించుకున్నారు. చివరకు ఆమె, మీ గిన్నెలు ఏ ఊర్లో అయినా దొరుకుతాయి, మా దేవుళ్లు అట్ల దొరకరు అంది. భరణి దానికి జవాబు కోసం పెద్దగా వెతకలేదు. అంగడికి రోజూ వెళ్తూనే ఉన్నాడు. ఆళ్లగడ్డకు వెళ్లడానికి ఒక కారణం కావాలి.

ఆదివారం ఫోన్ నిండా చార్జింగు పెట్టుకొని, ఉన్నవాటిలో మంచి నల్లచొక్కా తొడుక్కొని బస్సెక్కాడు. షెడ్డులో అడుగుపెట్టిన కాసేపటికే అది తెల్లచొక్కా అయింది.

"రాతి దుమ్ము అది. దులిపితే ఇంకా లోపలికి పోతాది" అంది నాగజ్యోతి. "కదలకుండా నిలబడు."

ఆమె గుడ్డ తెచ్చేదాకా అతను కదలకుండా నిలబడ్డాడు. చుట్టూ అంతమంది రాతివాళ్లు నిలబడి ఉన్న ఆ షెడ్డులో అదేమీ వింతగా కనపడలేదు.

ఆమె తండ్రి సీతారామాచారి మిషను ఆపి, ఎవరి అబ్బాయి, భోంచేశావా అని రెండు ప్రశ్నలు అడిగి, మళ్లీ మిషను పెట్టాడు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. రాయి కోసే చప్పుడులో ఏళ్ల తరబడి బతికినవాళ్లకు మాట మీద పెద్ద నమ్మకం ఉండదు.

భరణి ఒక్కో విగ్రహాన్నీ ఫోటో తీసుకుంటూ షెడ్డు చివరకు వెళ్లాడు. అక్కడ ఒక విగ్రహం మీద పాత పంచె కప్పి ఉంది. నాగజ్యోతి దాన్ని నెమ్మదిగా తీసింది.

కూర్చున్న అంకాలమ్మ. ఏదో అనబోయి ఆగినట్టు పెదవులు కొద్దిగా బిగించి ఉన్నాయి. రెప్పలున్నాయి. రెప్పల మధ్య మాత్రం నున్నటి రాయి.

"మా తాత చేసినాడు" అంది నాగజ్యోతి. "బండి ఆత్మకూరు దగ్గర ఒక పల్లెకు పోవాల. ఇదే ఆయన ఆఖరిది."

తాత మౌనాచారి పోయి రెండు నెలలైంది. ఆ మాట చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఏ మార్పూ లేదు. పంచెను మడతపెట్టింది. మడత సరిగ్గా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది.

భరణికి అంతా అర్థమైందనిపించింది. పాపం, కళ్లదాకా వచ్చేసరికి పెద్దాయన పోయాడు. పని మధ్యలో మిగిలిపోయింది. దుఃఖంలో ఉన్న ఇంట్లో ప్రశ్నలు వేయకూడదని వాళ్లమ్మ చిన్నప్పటి నుంచి చెప్పేది. కాబట్టి అడగలేదు. అడిగి ఉంటే ఈ కథ ఆ షెడ్డులోనే, రెండు టీలతో ముగిసిపోయేది.

వెబ్‌సైటులో 'మా గురించి' అనే పేజీ కూడా ఉండాలన్నారు మేడం. అందుకోసం నాగజ్యోతి తన ఫోటో ఒకటి పంపింది. గోడకు ఆనుకొని, నేరుగా కెమెరా వైపు చూస్తున్న ఫోటో. నవ్వు లేదు. భరణి దాన్ని పేజీలో పెట్టాడు. పెట్టాక సరిగ్గా వచ్చిందో లేదో అని చాలాసార్లు చూసుకున్నాడు.

తర్వాతి వారం ఆమె కాలేజీకి రాలేదు. తాతకు మాసికం. ఆ వారమే మేడం అందరి పనీ చూశారు. భరణి పేజీ దగ్గర ఆగి, అమరిక బాగుంది కానీ ఈ ముఖాల్లో జీవం లేదు బాబూ అన్నారు. ముఖ్యంగా అంకాలమ్మను చూపించారు. మొదటి పేజీలో పెద్దగా ఉన్నది ఆ ఫోటోనే.

ఆ సాయంత్రం అంగడిలో ఇడ్లీ పాత్రల వెనక కూర్చొని భరణి ఒక నిర్ణయానికి వచ్చాడు. తాత పూర్తి చేయలేకపోయిన పనిని తాను కంప్యూటరులోనైనా పూర్తి చేస్తాడు. ఆమె వచ్చి చూస్తుంది. సంతోషిస్తుంది. ఆ తర్వాత ఏం జరగాలో కూడా అతను కొంత ఊహించుకున్నాడు.

ఫోటోను అతను ముట్టుకోలేదు. కళ్లను వేరే చిన్న బొమ్మగా కత్తిరించాడు. రంగు తీసేసి, రాతి ఛాయకు తెచ్చి, ఫోటో పైన ఒక పొరలా నిలబెట్టాడు. మొదట పెట్టినవి అతకలేదు. రెండోసారివీ అతకలేదు. చివరికి ఒక జత సరిపోయింది. అవి ఎక్కడివో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు. ఇంకొకరి సాయం లేకుండా ఆ సెమిస్టర్‌లో అతను సరైన చోట పెట్టగలిగిన మొదటి వస్తువు అదే.

నాగజ్యోతి తిరిగొచ్చిన రోజు మేడం ఆ పేజీని పెద్ద తెర మీద వేసి, ఇప్పుడు చూడండి, జీవం వచ్చింది అన్నారు. క్లాసు చప్పట్లు కొట్టింది. నాగజ్యోతి కొట్టలేదు. క్లాసు అయిపోయేదాకా బల్ల మీద చేతులు పెట్టుకొని కూర్చుంది. అందరూ వెళ్లాక అడిగింది.

"ఎవరు పెట్టమన్నారు?"

"మీ తాత పూర్తి చేయకుండానే పోయినాడు కదా, అందుకని నేను..."

"మా తాత పూర్తి చేసినాడు."

తర్వాత ఆమె చెప్పింది. ఏ విగ్రహానికీ షెడ్డులో కళ్లు తెరవరు. గుడిలో నిలబెట్టే రోజు, తెర కట్టి, బంగారు సూదితో చివరి గీత గీస్తారు. తెరిచిన కళ్లు మొదట అద్దాన్ని చూడాలి. తర్వాత ఆవునూ దూడనూ. ఆ తర్వాతే మనుషుల్ని. అంతవరకు అమ్మవారు ఎవరినీ చూడకూడదు. ఎవరూ ఆమె చూపుకు ఎదురు పడకూడదు. ఆళ్లగడ్డలో ఇది ఎవరికీ ఎవరూ చెప్పరు, చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇప్పుడు వచ్చింది.

భరణి అక్కడికక్కడే ఆ పొర తీసేశాడు. చూసింది మన క్లాసే కదా, బయటివాళ్లు ఎవరూ చూడలేదులే అన్నాడు.

ఆమె ఫోన్ మోగింది. అవతల సీతారామాచారి. కూతురు అంతకు ముందు ఇచ్చిన లింకును, తెరిచి చూడకుండానే, జీవితంలో మొదటిసారి ఆయన ఇంకొకరికి పంపాడు. మా పాప చేసింది అని రాసి, ఆ పొద్దునే, పల్లెలో గుడి కమిటీ పెద్ద దస్తగిరి రెడ్డికి పంపాడు. రెడ్డి ఊరందరికీ పంపాడు.

ఆ రోజే పల్లెలో ఒకరి బోరు మోటారు కాలిపోయింది. ఇంకొకరు గడప దగ్గర జారిపడ్డారు. అంతకు ముందూ మోటార్లు కాలేవి, మనుషులు జారేవారు. కారణం మాత్రం దొరికేది కాదు.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. ఒకసారి తెరిచిన పేజీని ఫోన్లు తమ దగ్గర దాచుకుంటాయి. మళ్లీ తెరిస్తే కొత్తది తెచ్చుకోకుండా ఆ పాతదే చూపిస్తాయి. భరణి నంద్యాలలో కళ్లు తీసేశాడు. పల్లెలో మాత్రం అంకాలమ్మ చూస్తూనే ఉంది. సీతారామాచారి ఫోన్ చేసి మూసేసినాం అని చెబితే, రెడ్డి తన ఫోన్ తెరిచి చూసుకొని, మీరు మూసినారు, ఆమె మూసుకోలేదు అన్నాడు.

రెండు రోజులకు కమిటీ ఆళ్లగడ్డకు వచ్చింది. పంచె తీసి చూసింది. రాతిలో కళ్లు తెరవలేదని ఒప్పుకుంది. అయినా, క్యాలెండరులో అమ్మవారికి మేము దండం పెట్టమా, అది కాగితమని ఊరుకుంటామా అని అడిగాడు రెడ్డి. ఫోన్‌లో చూసినా చూపు చూపే అన్నాడు. ఇంకోచోట చేయించుకుంటాం, ఏమనుకోవద్దు అన్నాడు. ఆయన కోపంగా అనలేదు. అందుకే సీతారామాచారి ఎదురు చెప్పలేకపోయాడు.

మర్నాడు ల్యాబ్‌లో నాగజ్యోతి ఒక సీటు వదిలి కూర్చుంది. మధ్యలో ఖాళీ కుర్చీ. భరణి ఆ కుర్చీతో మాట్లాడినట్టు, వేరే ఊరివాళ్లు ఎవరైనా తీసుకోరా అని అడిగాడు.

"ఒక గుడి కొలతకు చేసింది ఇంకో గుడికి పోదు. ఒక ఊరు వద్దన్న అమ్మను ఇంకో ఊరు అడగదు. గోడ పక్కకు తిప్పి పెడతారు. మా తాత చేసిన ఆఖరి ముఖం గోడను చూస్తా ఉంటాది."

ఆమె ఏడవలేదు. కీబోర్డు మీద ఏదో కొట్టి, తప్పు వచ్చిందని చెరిపేసింది.

"నేను పోయి వాళ్లకు చెప్తా" అన్నాడు భరణి.

"పోయి ఏం చేస్తావ్? ఇంకేమన్నా తెరుస్తావా?"

"వాళ్ల కండ్ల ముందర తీసి చూపిస్తా."

నాగజ్యోతి ఆ సంగతి తండ్రితో చెప్పింది. సీతారామాచారి కాసేపు ఆలోచించి, చేసినోడే చెప్పాల, రమ్మను అన్నాడు.

ముగ్గురూ పల్లెకు వెళ్లిన రోజు వాన. భరణి మంచి నల్లచొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. నాగజ్యోతి దగ్గర గొడుగు ఉంది. దాన్ని ఆమె ల్యాప్‌టాప్‌కు పట్టింది.

బడి వరండాలో బెంచీలు వేసుకొని ఊరి పెద్దలు కూర్చున్నారు. రేకుల మీద వాన చప్పుడుకు మాట సరిగ్గా వినపడటం లేదు. దస్తగిరి రెడ్డి మధ్యలో కూర్చొని, ఎవరీ పిల్లోడు అని ఆచారిని అడిగాడు. స్టీలు సామాన్ల కొట్టు అని చెప్పాడు ఆచారి. రెడ్డికి అది జవాబుగా సరిపోలేదు.

భరణి పాత పేజీ తెరిచాడు. కళ్లున్న అంకాలమ్మ కనపడగానే ముందు బెంచీవాళ్లు పక్కకు జరిగారు. అతను ఆ పేజీ వెనక ఉన్న రాతను తెర మీదకు తెచ్చి, ఒక వరుసను చూపించాడు. ఇది ఫోటో. దీని కింద వరుస కళ్లు. రెండూ వేరువేరు. ఫోటో మీద కళ్లు తేలుతున్నాయి తప్ప ఫోటోలో లేవు. అంతా చెప్పి, ఆ వరుసను చెరిపేశాడు. కళ్లు పోయాయి. కింద రాయి నున్నగా ఉంది. మళ్లీ ఆ వరుస రాశాడు. కళ్లు వచ్చాయి. ఆ తర్వాత కళ్ల స్థానాన్ని మార్చే అంకెను పెంచాడు. కళ్లు నుదుటి మీదకు పోయి, అక్కడి నుంచి జరిగి, అమ్మవారి భుజం పక్కన గాలిలో నిలబడ్డాయి.

ఒకాయన, అవి ఇంగ అట్లే ఉండనీయకప్పా, తీసెయ్ అన్నాడు. భరణి తీసేశాడు.

దస్తగిరి రెడ్డి కళ్లద్దాలు తీసి తుడుచుకొని మళ్లీ పెట్టుకున్నాడు.

"సరేప్పా. అమ్మవారి కండ్లు కాదు. ఒప్పుకుంటా. మరి ఎవరివి?"

ఆ ప్రశ్న వస్తుందని భరణి అనుకోలేదు. ఇంటర్నెట్‌లో దొరికాయని చెప్పొచ్చు. ఇంటర్నెట్‌లో ఎవరివి అని అడుగుతారు. అంత దూరం వచ్చి, అబద్ధం మీద విగ్రహాన్ని నిలబెడితే అది మళ్లీ ఎప్పుడో ఒకప్పుడు పడుతుంది. అతను వాన వైపు చూశాడు. వాన ఏమీ చెప్పలేదు.

"ఈమెవి" అన్నాడు.

అందరూ నాగజ్యోతి వైపు తిరిగారు. నాగజ్యోతి తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసుకుంది. ఎవరూ లేరు. పెద్ద తెర మీద ఆమె వాటిని చూసింది, కానీ పోల్చుకోలేదు. తన కళ్లు రాతిలో కనపడితే ఎవరు పోల్చుకుంటారు.

"ఆ పాపవే యాల పెట్టినావ్?" అన్నాడు రెడ్డి.

"వేరేవాళ్లవి పెట్టి చూసినా పెద్దాయనా. బాగలేవు."

"ఇవి బాగుండాయా?"

"బాగుండాయి."

"ఎప్పటినుంచి?"

"ఐదో సెమిస్టర్ నుంచి."

సీతారామాచారి భుజం మీది తువ్వాలు తీసి, మడిచి, రెండో భుజం మీద వేసుకున్నాడు. అంతకు మించి ఆయన ఏమీ చేయలేదు. నాగజ్యోతి ల్యాప్‌టాప్ మీద ఇంకా గొడుగు పట్టుకొనే ఉంది. వరండాలో వాన పడటం లేదని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

దస్తగిరి రెడ్డి పక్కవాళ్లతో మాట్లాడాడు. మాటలు నెమ్మదిగా సాగాయి. ఊరిని చూసింది ఆచారి కూతురు. ఆచారి కూతురు ఊరిని చూస్తే తప్పేముంది. అమ్మవారు ఇంకా ఎవరినీ చూడలేదు. బోరు మోటారు కాలిన మనిషి ఒక్కడే కొంచెం నిరాశపడ్డాడు. చివరికి రెడ్డి లేచి, ముహూర్తం మార్చేది లేదు, ముందు అనుకున్న దినమే తెచ్చి నిలబెట్టు ఆచారీ అన్నాడు. మెట్లు దిగబోతూ భరణి దగ్గర ఆగి, నా ఫోన్‌లో కూడా తీసేసి పో అన్నాడు. భరణి తీసేశాడు. ఆ సాయంత్రం చాలామంది ఫోన్లలో తీసేశాడు.

ప్రతిష్ఠ రోజున తెర వెనక సీతారామాచారి ఒక్కడే ఉన్నాడు. అద్దం లోపలికి పోయింది. ఆవూ దూడా గుడి గుమ్మం ముందుకొచ్చాయి. దూడకు అక్కడ నిలబడటం ఇష్టం లేదు, కానీ నిలబడింది. తెర తీశారు. ఊరంతా చేతులెత్తింది.

నాగజ్యోతి అందరికంటే వెనక నిలబడి చూసింది. భరణి ఆమె పక్కన నిలబడ్డాడు. చాలాసేపటికి, మీ తాత బాగా చేసినాడు అన్నాడు. ఆమె తలూపింది. చున్నీ కొసతో కళ్లు ఒత్తుకొని, దుమ్ము అంది. ముందురోజే వాన పడి ఆ ఊళ్లో దుమ్మన్నది లేదు. భరణి అవునన్నాడు.

భోజనాలయ్యాక సీతారామాచారి పనిముట్లన్నీ ఆటోలోకి ఎక్కించుకున్నాడు. ముందు సీటులో డ్రైవరు, ఆయన. ఇంకొకరికి చోటు ఉంది. ఆయన ఆ చోటులో సుత్తుల సంచి పెట్టాడు.

"పాపను బస్సులో తీసుకొని రాప్పా" అన్నాడు భరణితో.

"నంద్యాల దంకా తీసుకొచ్చి, ఆళ్లగడ్డ బస్సు ఎక్కిస్తా."

"ఎక్కించేదేంది. నువ్వూ ఎక్కు. రాత్రికి ఆడనే అన్నం తిని పోవచ్చు, మా ఇంట్లో. మీ నాయనకు ఫోన్ చేసి చెప్పు, నేను మాట్లాడాలంటున్నానని. ఇప్పుడు కాదు. మీ చదువులు కానీ."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నాగజ్యోతి ఎప్పుడూ వినలేదు. ఆటో వెళ్లిపోయింది.

నంద్యాలలో బస్సు మారారు. ఆళ్లగడ్డ బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. భరణి ఆమె పక్కన, సీటు అంచున, ఎవరైనా దిగిపొమ్మంటే దిగిపోయేలా కూర్చున్నాడు. బస్సు ఊరు దాటింది.

"వేరేవాళ్లవి పెట్టి చూసినా అంటివి" అంది నాగజ్యోతి, కిటికీ వైపే చూస్తూ. "ఎవరివి?"

"ముందు ఎలిజబెత్ మేడంవి."

"ఎట్లుండె?"

"అమ్మవారు రికార్డు యాడ అని అడుగుతాండినట్లు ఉండె."

"తర్వాత?"

"మా అమ్మవి. బేరం ఆడుతాండినట్లు ఉండె."

ఆమె భుజాలు కొద్దిగా కదిలాయి. బస్సు కుదుపు కావచ్చు. రోడ్డు అక్కడ బాగానే ఉంది.

శిరివెళ్ల వచ్చింది. కొందరు దిగారు, కొందరు ఎక్కారు. బస్సు కదిలాక ఆమె మళ్లీ మాట్లాడింది.

"ఇంగ నా కండ్లు తీసుకపోయి యాడా పెట్టొద్దు."

"పెట్టను."

"చూడాలనిపిస్తే నన్ను అడుగు."

భరణి అడిగాడు.

నాగజ్యోతి కిటికీ నుంచి ఇటు తిరిగింది.